కొమురయ్య కాపరి వేషం

మంజుల పనిచేసే మహబూబాబాద్ దవాఖానలో డిసెంబరు వచ్చిందంటే నర్సులంతా కలిసి మెట్ల దగ్గర ప్లాస్టిక్ చెట్టొకటి నిలబెడతారు. దానికి మంచు కూడా డబ్బాలో దొరుకుతుంది. ఊపి కొడితే తెల్లగా పడుతుంది. మంజుల మాత్రం ఆ డబ్బా ముట్టుకోదు. గుప్పెడు దూది తెచ్చి కొమ్మల మీద చిదిమి పెడుతుంది. ఏమిటమ్మా ఈ చాదస్తం అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, "మా ఊర్ల మంచంటే పత్తే అక్కా" అని నవ్వేస్తుంది.

ఆ మాట అబద్ధం కాదు. దేవరుప్పుల నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న వాళ్ల ఊళ్లో క్రిస్మస్ సరిగ్గా పత్తి ఏరే రోజుల్లోనే వచ్చేది. పాస్టరయ్య ఆదివారం బడిలో రంగుల కార్డులు చూపించి, ఒక దేశంలో ఈ పండక్కి గడపలు మునిగేంత మంచు పడుతుందనీ, మరో దేశంలో పిల్లలు మేజోళ్లు వేలాడదీస్తే తెల్లారేసరికి వాటి నిండా మిఠాయిలుంటాయనీ, ఇంకో దేశంలో అప్పుడు మండుటెండలనీ చెప్పేవాడు. "కాళ్లకు చెప్పులే లేకపాయె, మేజోళ్లు యాడికెళ్లి తేవాలె అయ్యగారూ" అని ఒకడు అడిగితే అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. మేజోళ్లు లేకపోయినా మంచుకు కొదవ లేదు. చేలోంచి తలా ఒక దోసెడు పత్తి తెచ్చి సరివి కొమ్మకు అతికిస్తే ఏ దేశానికీ తీసిపోని చెట్టు తయారయ్యేది. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే మేనమామ కేకు తెచ్చేవాడు. మూడు బస్సులు మారేసరికి అది పొడి పొడి అయ్యేది. ఆ పొడి కోసం కూడా పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్లు. ఇప్పుడు మంజుల ఎంత మంచి కేకు తిన్నా ఆ పొడి రుచి రావడం లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, పండగ సాయంత్రం చర్చి ముందు వేసే నాటకం ఒక ఎత్తు. దాని కోసం చర్చికి వచ్చేవాళ్లే కాదు, ఊరు ఊరంతా వచ్చేది. వచ్చేది మరియమ్మ కోసమో, దేవదూత కోసమో అనుకుంటే పొరపాటు. కాపరి వేషం కట్టే కొమురయ్య కోసం.

కొమురయ్య మంజుల తండ్రి. కూలి మనిషి. సొంతానికి నాలుగు మేకలుండేవి. బాప్తిస్మం ఇచ్చిన రోజున పాస్టరయ్య ఆయనకు యోహాను అని పేరు పెట్టాడు గానీ ఊళ్లో ఎవరూ అలా పిలవలేదు, పిలిచినా ఆయన పలికేవాడు కాదు. నాటకం మొదలుపెట్టిన తొలి ఏడు పాస్టరయ్య అందరికీ మాటలు రాసిచ్చాడు. చదువు రాని కొమురయ్య విని నేర్చుకున్నాడు, తెర లేచేసరికి అంతా మరిచిపోయాడు. ఎదురుగా తెల్లబట్టలతో దేవదూత, వెనక పసుపు గుడ్డ చాటున పెద్ద బల్బు. ఏదో ఒకటి అనాలి కదా. చంకలో మేకపిల్లను సర్దుకుని నోటికొచ్చింది అనేశాడు. "ఎవలయ్యా నువ్వు? గింత వెలుగేంది? మా మేకలు బెదురుతయ్, జర పక్కకు జరుగు."

జనం పడీ పడీ నవ్వారు. మరుసటి ఏడు మాటలు ఇవ్వబోతే, "వద్దు అయ్యగారూ, కొమురన్నను ఆయన తీరుగనే చెప్పనియ్యిండ్రి" అని ఊరివాళ్లే అడ్డం పడ్డారు. అట్లా ఇరవై ఏళ్లు. పండగ పది రోజులు ఉందనగానే ఎదురైన ప్రతివాడూ "ఈసారి ఏమంటవే కొమురన్నా" అని అడిగేవాడు. ఏడాది పొడుగునా ఎవరూ కూర్చోమని కూడా అనని మనిషి ఆ పది రోజులు ఊళ్లో తల ఎత్తుకుని తిరిగేవాడు. ఆ నడక చూస్తే మంజులకు ఎంత గర్వమో చెప్పలేం.

ఆమె పదో తరగతిలో ఉన్న ఏడు, అంటే రెండువేల తొమ్మిదిలో, డిసెంబరు తొమ్మిదిన ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చింది. ఊళ్లలో రంగులు చల్లుకున్నారు. ఆ సంబరంలో దేవరుప్పులలో తెలంగాణ పాటల ధూంధాం పెడితే బడిపిల్లలంతా పోయారు. పాటకూ పాటకూ మధ్య ఒకాయన మైకు పట్టుకుని అడిగాడు. "సినిమాల హీరో ఎట్ల మాట్లాడ్తడు? ఇంట్ల పనోడు ఎట్ల మాట్లాడ్తడు? మన మాట ఎవల నోట్లె వెట్టిన్రు? టికెట్ కొనుక్కొని వోయి, మన అవ్వ మాటకు మనమే నవ్వి వచ్చినం."

చప్పట్లు మోగిపోయాయి. మంజుల చేతులు కదల్లేదు. ఆమెకు సినిమా గుర్తు రాలేదు, చంకలో మేకపిల్లతో నాయిన గుర్తొచ్చాడు. మరియమ్మ, యోసేపు, దూత, ఆఖరికి సత్రం కాడ జాగా లేదు పొమ్మనేవాడు కూడా పుస్తకం భాష మాట్లాడతారు. ఇంటి మాట మాట్లాడేది నాయిన ఒక్కడే. నవ్వు వచ్చేది అక్కడే. నవ్వేవాళ్లు మాత్రం ఎవరు? ఆ మాట తప్ప ఇంకోటి రానివాళ్లే. ఆటో దిగి నేరుగా ఇంటికి వచ్చింది.

నాయిన మేకలకు కొమ్మలు విరుస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నాయినా, ఈసారి నువ్వు వేషం కట్టకు."

"ఎందుకు బిడ్డా?"

"నవ్వుతున్నరు."

"మరి నవ్వియ్యనీకే గద కట్టేది."

"నీ వేషానికి గాదు నాయినా, నీ మాటకు నవ్వుతున్నరు. దూత మాట్లాడితె నవ్వరు, మరియమ్మ మాట్లాడితె నవ్వరు. నువ్వు నోరు తెరిస్తెనే నవ్వుతరు."

కొమురయ్య విరిచిన కొమ్మను మేక ముందు వేశాడు. ఇంకో కొమ్మ అందుకోలేదు. "వాళ్లు గూడ గదే మాట మాట్లాడ్తరు గద" అన్నాడు.

"గందుకే చెప్తున్న."

రెండు రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు. పదిహేనేళ్ల పిల్లకు నిజం చెప్పానన్న తృప్తే గానీ ఏం లాక్కున్నదో తెలియలేదు. వాళ్ల నవ్వులో కాస్త ప్రేమ కూడా ఉండేదేమో అని మంజులకు ఇన్నేళ్ల తరువాత అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అనిపించలేదు. మూడో రోజు పొద్దున్నే కొమురయ్య ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. "అయ్యగారు రాసిన మాటలు ఉంటయ్ గద బిడ్డా. అవి నేర్పు. నేను గూడ మంచిగ మాట్లాడ్త."

నేర్పింది. ఓ దివ్యపురుషుడా, మేము అల్పులము, మా యెడల నీవేల ఇంత దయ చూపుచున్నావు. అంతే, ఒక్క ముక్క. అది యాభై ఏళ్ల మనిషి నోట నిలవడానికి పది రోజులు పట్టింది. చేలో గొణుక్కున్నాడు, మేకల వెనక గొణుక్కున్నాడు. తప్పు పలికినప్పుడల్లా మంజుల పంతులమ్మలా కసిరింది. "గట్ల గాదు నాయినా, ఎన్నిసార్లు చెప్పాలె." ఆయన తన బిడ్డ ముందే చేతులు కట్టుకుని, "మల్ల చెప్పు" అనేవాడు. ఆ చేతులు గుర్తొస్తే మంజులకు ఈనాటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఇరవై మూడున ఢిల్లీ మాట వెనక్కు పోయింది. తెల్లారి నుంచి బంద్, బస్సుల్లేవు, ఆటోల్లేవు. దూత వేషం కట్టే రాజ్‌కుమార్ పాస్టరయ్యకు మేనల్లుడు, జనగామలో చదువుకుంటున్నాడు. అతను అక్కడే చిక్కుకుపోయాడు. పాస్టరయ్యది ఆంధ్ర, గోదావరి జిల్లాల వైపు. ఇరవై ఏళ్లు కలిసి బతికిన ఊళ్లో ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ రోజుల్లో ఆయన టీ కొట్టు దగ్గర మాట తగ్గించాడు. "ఈ ఏడాదికి నాటకం ఆపేద్దామా కొమురయ్యా" అని మెల్లగా అడిగాడు.

"మాట తప్పినోళ్లు ఢిల్లీల ఉన్నరు అయ్యగారూ. మనం ఎందుకు ఆపుడు?" అన్నాడు కొమురయ్య. ఆయన పది రోజుల కష్టం ఆయనది. అందరి మాటలూ వచ్చిన మంజులకు రాజ్‌కుమార్ తెల్ల అంగీ తొడిగారు. అది పాదాలు దాటి నేల మీద జీరాడింది.

పండగనాడు పొద్దు గూకకముందే చర్చి ముందు పందిరి నిండిపోయింది. బంద్ వల్ల ఎవరూ ఎక్కడికీ పోలేదు. రెండు రోజులుగా ఊళ్లో ఒక్కరి మొహంలోనూ కళ లేదు. కొమురన్న వస్తే కాసేపు నవ్వుకోవచ్చని వచ్చి కూర్చున్నారు. మంజుల తెర పక్క నుంచి వాళ్లను చూసింది. నాయిన ఒక్క తప్పు లేకుండా చెప్పాలి, వాళ్లు ఒక్కరూ నవ్వకూడదు. ఆమెకు ఆ పూట కావలసింది అంతే.

కొమురయ్య పాలమేకను పట్టుకుని వచ్చాడు. వెనక బల్బు వెలిగింది. జనం ముందే నోళ్లు సిద్ధం చేసుకున్నారు. ఆయన చేతులు జోడించి, తల పైకెత్తి, ఒక్కో మాటా చూసి చూసి కాలు వేసినట్టు పలికాడు. "ఓ దివ్యపురుషుడా... మేము... అల్పులము..."

పందిరి ఎగిరిపోయేంత నవ్వు వచ్చింది. ఇరవై ఏళ్లలో అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ఇదేదో ఈ ఏటి కొత్త హాస్యం అనుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మల్లేశం వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి, "కొమురన్న హీరో అయిండురో" అన్నాడు. మళ్లీ నవ్వు.

కొమురయ్య నోరు తెరిచే ఉంది. మిగతా మాటలు రావడం లేదు. ఆయన జనం వైపు చూడలేదు, మంజుల వైపు చూశాడు. ఇట్ల మాట్లాడినా నవ్వుతున్నరు గద బిడ్డా, ఇప్పుడేం చెయ్యాలె అని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు. తెర చాటు నుంచి పాస్టరయ్య ఆమె మాట అందిస్తున్నాడు. కాపరులారా, వెఱవకుడి. మళ్లీ అందించాడు. ఆమెకు వినబడుతూనే ఉంది. ఆ మాట నాయినతో అనడానికి నోరు రాలేదు. ఇంట్లో ఏనాడూ నాయినతో అట్లా మాట్లాడలేదు.

"నాయినా," అంది. "బుగులు వడకు."

నవ్వు అక్కడక్కడా ఇంకా మిగిలి ఉంది. ఆమె అంగీ అంచు ఎత్తి పట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చింది.

"నేను పరాయిదాన్ని గాదు. నీకే చెప్పుదామని వచ్చిన. దొరల గడీలకు పోలే, పెద్దపెద్దోళ్ల ఇండ్లకు పోలే. గీ చలిల మేకలు కాసుకుంట ఉన్నవు గద, నీ దగ్గరికే దేవుడు నన్ను తోలిచ్చిండు. పొల్లగాడు పుట్టిండు నాయినా. ఆ తల్లికి ఎవలూ ఇంత జాగ ఇయ్యలే. పసుల కొట్టంల కన్నది. గడ్డి మీద పండవెట్టుకున్నది."

మిగిలిన నవ్వు కూడా ఆగిపోయింది. పాస్టరయ్య మూడోసారి మాట అందించలేదు. కొమురయ్య జోడించిన చేతులు కిందికి దిగాయి.

అప్పుడు జనం మధ్యలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. సాలమ్మ. ఊరికి మంత్రసాని, సగం ఊరిని ఆమె చేతులతోనే తీసింది. చర్చి మనిషి కాదు, ఏటా నాటకం చూసి పోయేది.

"బాలింతకు ఏమన్న వెట్టిన్రా బిడ్డా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె హాస్యానికి అడగలేదు. ఇన్నేళ్లుగా ఇదే కథ, ఇదే కొట్టం, ఇదే గడ్డి. ఆ తల్లి తిన్నదా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఏం చెప్పాలో మంజులకు ఎవరూ రాసివ్వలేదు.

కొమురయ్యే సాలమ్మ వైపు తిరిగాడు. "ఎవలు వెడ్తరు సాలవ్వా? ఊరుగాని ఊరు, చుట్టం లేడు పక్కం లేడు. పొల్లగాని ఒంటి మీద బట్ట గూడ ఉన్నదో లేదో." అని ఆగి, మేక తాడు చేతికి చుట్టుకున్నాడు. "నేను వోతున్న. గీ మేక పాలిస్తది, ఇంత పిండిచ్చొస్త."

బెత్లెహేముకు దారి ఏటా జనం మధ్యలోంచే. ప్రతిసారీ ఆయన అటూ ఇటూ చేతులూపుతూ, ఇంకో రెండు మాటలు విసిరి నవ్విస్తూ పోయేవాడు. ఆ రోజు ఎవరి వంకా చూడలేదు. నిజంగా పనున్న మనిషి నడిచినట్టు దిగి నడిచాడు. ఈల వేసిన మల్లేశం గబుక్కున కాళ్లు ముడుచుకుని, "జరుగుండ్రి, అన్నకు తొవ్వియ్యిండ్రి" అన్నాడు. కూర్చున్నవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని జరిగారు. మంజుల తెల్ల అంగీలో అట్లాగే నిలబడి ఏడుస్తోంది. దుఃఖమో సంతోషమో ఆమెకే తెలియదు.

కొమురయ్య పందిరి సగం దాటేసరికి సాలమ్మ పక్కనున్నవాళ్ల భుజం పట్టుకుని లేచింది.

"ఆగు కొమురయ్యా, నేను గూడ వస్త. మొగోనివి, బాలింత కాడికి ఒక్కనివే ఎట్ల వోతవు?"

కొమురయ్య మేకను నిలబెట్టి, ఆమె వచ్చేదాకా ఆగాడు.