నరసింగరావు భుజం మీద గూడు

రాజాం ధాన్యం బజారు వెనక వీధిలో నరసింగరావు రోజు కుర్చీలో మొదలై కుర్చీలోనే అయిపోయేది. పొద్దున్నే పళ్లు తోముకుని, కాఫీ గ్లాసుతో వరండాలోని పేము కుర్చీలో కూలబడ్డాడంటే మళ్లీ లేవడం భోజనానికే. ఆ భోజనం కూడా ఎదురింటి కూర్మమ్మ క్యారేజీలో తెచ్చి ఒళ్లో పెట్టేది కాబట్టి, నిజం చెప్పాలంటే దానికీ లేచేవాడు కాదు.

అతను ధాన్యం బ్రోకరు. వయసులో ఉండగా సైకిలు మీద పల్లెపల్లెకీ తిరిగేవాడు. కళ్లంలో రాశి ముందు గొంతుక్కూర్చుని, గుప్పెడు గింజలు అరచేతుల్లో నలిపి, ఒకటి పంటి కింద కొరికి తేమ ఎంత ఉందో చెప్పేవాడు. తర్వాత ఫోన్లు వచ్చాయి. ధాన్యం ఫోటోల్లో రావడం మొదలుపెట్టింది, శాంపులు పొట్లాలు ఇంటికే రాసాగాయి. కాళ్లతో చేసే పనంతా మెల్లగా బొటనవేల్లోకి వచ్చేసింది. మంచి శాంపులు కనిపిస్తే గుప్పెడు తీసి చొక్కా జేబులో పోసుకునే పాత అలవాటు మాత్రం పోలేదు.

రోజంతా ఫోన్లో మాట్లాడేవాడు, అయినా ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండేది కాదు. రేటెంత, తేమెంత, లారీ ఎప్పుడు. ఫోను పెట్టేశాక వరండా బోసిగా ఉండేది. పెళ్లయిన కొత్తలోనే భార్య జ్వరంతో పోయింది. మళ్లీ చేసుకోమని అందరూ అంటే చూద్దాం అన్నాడు. ఆ చూడ్డంలోనే జుట్టు నెరిసిపోయింది.

ధాన్యం ఊసు లేకుండా ఫోను చేసే మనిషి ఒక్కతే. బొబ్బిలిలో ఉండే అక్క మహాలక్ష్మమ్మ, అతని పిలుపులో అప్ప. ఆవిడకి చూపు బాగా తగ్గింది, ఒక్కతే బస్సెక్కలేదు.

"ఒకపాలి రారా నరసింగా. కళ్లు పూర్తిగా పోకముందు నీ మొకం సూసుకుంటాను" అనేది.

"మోకాళ్లు నొప్పప్పా. వచ్చే నెల వస్తాను" అనేవాడు. వచ్చే నెలలు చాలానే వచ్చి వెళ్లాయి.

ఆ వేసవి మొదట్లో ఒక పిచ్చుకల జంట అతని ఎడమ భుజం మీద గూడు కట్టింది. మడతపెట్టి వేసుకున్న తువ్వాలు మెత్తగా ఉంది, కిందే జేబులో గింజలున్నాయి, మనిషి కదలడు. ఇంతకన్నా ఏం కావాలి? గడ్డి, కొబ్బరిపీచు తెచ్చి చెవి పక్కన గూడు అల్లుకున్నాయి. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కూర్మమ్మ క్యారేజీ పెడుతూ, "కుడిపక్క కట్టుంటే బాగుణ్ను. ఫోను ఎడం సెవికే కదా ఎడతావు" అని మాత్రం అంది. అతను ఫోను కుడిచెవికి మార్చుకున్నాడు.

ఆడపిచ్చుక గుడ్లు పెట్టాక నరసింగరావు పూర్తిగా కదలడం మానేశాడు. పడుకుంటే గూడు నలుగుతుందని కుర్చీలోనే నిద్రపోయేవాడు. స్నానం నడుము దాకానే. కునుకు పట్టబోతుంటే చెవి పక్కన చిన్న ప్రాణం సర్దుకుని కూర్చోవడం వినిపించేది. ఇన్నాళ్లకి ఇంటికి ఎవరో వచ్చారు, రాత్రి కూడా ఉంటున్నారు. ఆ ఆనందం ముందు పాదాల వాపు అతనికి లెక్కలోకి రాలేదు.

ఒకరోజు లేవబోతే కాళ్లు వినలేదు. అద్దెకు తెచ్చుకున్న కాళ్లలా వేలాడుతూ ఉండిపోయాయి. ఇంటికి వచ్చి చూసిన డాక్టరు, మందులు తర్వాత, ముందు ఈ కూర్చోవడం ఆపకపోతే మంచాన పడతారని గట్టిగా చెప్పాడు. ఆ మాట కూర్మమ్మ బొబ్బిలికి చేరేసింది. వెంటనే మహాలక్ష్మమ్మ తన పక్కింటి వాళ్లమ్మాయిని పురమాయించింది. పేరు అరుణశ్రీ. రాజాంలోనే ఫిజియోథెరపీ చేస్తుంది.

స్కూటీ దిగి వచ్చి ఆమె ముందు మోకాళ్లు చూసింది, తర్వాత గూడు చూసింది.

"గుడ్లున్నాయా బాబాయ్?"

"ఉన్నాయమ్మా. అందుకే కదలకూడదు."

"పొదిగేది పిచ్చుక కదా. మద్దెలో మీరెందుకు పొదుగుతున్నారు?"

నరసింగరావు భుజం మీద తువ్వాలు అంచు సర్దుకున్నాడు.

ఆమె కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "కుర్చీలోంచి లెగాలంటే ఒళ్లు ముందుకి వంచాల. మీరు వంగితే గుడ్లు జారిపోతాయి. అంచేత కుర్చీనే ఎత్తు సేద్దాం" అని పెరట్లోంచి ఇటుకలు తెచ్చి కుర్చీ కాళ్ల కింద పెట్టింది. ఎత్తు మీద నుంచి వీపు తిన్నగా ఉంచి, పాదాలు వెనక్కి లాక్కుని, తొడల బలంతో లేవడం నేర్పింది. మొదటిసారి నిలబడినప్పుడు అతని కాళ్లు వణికాయి, గూడు వణకలేదు. చిన్న సంచిలో ధాన్యం పోసి చీలమండకి కట్టి కాలు చాపించేది, దించించేది. "ఇన్నాళ్లూ ధాన్యాన్ని మీరు తూకం ఏసారు. ఇప్పుడు అది మిమ్మల్ని ఏస్తాది" అని నవ్వేది.

కాళ్లకి బలం వస్తున్నకొద్దీ ఒక్కో ఇటుకా తీసేసింది. తీసిన ఇటుకలు పేర్చి మెట్టు చేసి దాని మీదకి ఎక్కించేది. "బస్సు మెట్టు ఇంకా ఎత్తుంటాది బాబాయ్, కాలెత్తండి" అనేది.

ఆమె ఉన్నంతసేపూ చేసేవాడు. వెళ్లగానే కూర్చునేవాడు. ఒకరోజు ఆమె వచ్చేసరికి కుర్చీ చేతికీ స్తంభానికీ మధ్య సాలెపురుగు అల్లిన దారాలు అలాగే ఉన్నాయి. నిన్న తను వెళ్లాక అతను లేవలేదని ఆమెకి అర్థమైంది.

"ఎందుకు బాబాయ్?" అంది.

అతను నేల చూశాడు. "నాను లేచి తిరిగితే ఇవి బెదిరి ఎల్లిపోతాయమ్మా. అప్పుడు మళ్లీ నానూ, ఈ ఫోనూ."

అరుణశ్రీ కింద కూర్చుంది. అతని పాదం ఒళ్లో పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, "ఎలాగూ ఎగురుతాయి బాబాయ్, కూకున్నా ఎగురుతాయి" అంది. "అవి ఎటు ఎల్లాయో సూడ్డానికైనా మీరు వీధిలోకి రాగలగాల కదా."

గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. రెక్కలు రాని ఎర్రటి ముద్దలు, ఒళ్లంతా నోళ్లే. తల్లీ తండ్రీ తిరిగి తిరిగి పెట్టేవి. పిల్లలకి ఇంకా సరిగ్గా ఈకలైనా రాకముందే ఒక ఉదయం బయటికెళ్లిన ఆడపిచ్చుక తిరిగి రాలేదు. పిల్లికి చిక్కిందో, కరెంటు తీగకి తగిలిందో తెలియదు. మెడ కింద నల్లమచ్చ ఓ పక్కకి ఒరిగిన మగపిచ్చుక ఒక్కటే ఎక్కడెక్కడికో ఎగిరి, చాలాసేపటికి ఒక పురుగు తెచ్చేది. వీధంతా సిమెంటు, పురుగు ఎక్కడ దొరుకుతుంది?

పిల్లలు చెవిలో అరుస్తుంటే నరసింగరావు ఫోను పక్కన పెట్టేశాడు. తనకి తెలిసిన పని చేశాడు. ఉన్న శాంపుల్లో మేలురకం ఏరి, గోటితో పొట్టు ఒలిచి, గింజను పంటి కింద పలుకులు చేసి నోళ్లకి అందించాడు. పిల్లలు ఉమ్మేశాయి. ఇంకా మంచి రకం తీశాడు. అదీ ఉమ్మేశాయి. అరుపు సన్నబడింది. ధాన్యంలో లేనిది ఏదైనా ఉంటుందని అతను జీవితంలో ఎప్పుడూ అనుకోలేదు.

అదే వేళకి మహాలక్ష్మమ్మ ఫోను వచ్చింది. గొంతు విని, "ఏటయిందిరా?" అంది. చెప్పాడు.

"ఓరి సచ్చినోడా! పసిగుంటకి ఆవకాయన్నం ఎడతావేటి? పిచ్చుకపిల్లకి పురుగు కావాల. సేలోకి తీసుకుపో."

"ఎలగప్పా? ఊరు దాటి ఎల్లాల."

"నాకేటి తెలుసు? పెళ్లాం పోయిన్నాడు కూకున్నోడివి, ఇంతవరకూ లెగలేదు. ఇయి కూడా పోయేదాకా కూకో" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఆవిడ ఏడ్చి ఉంటుందని అతనికి తెలుసు.

నరసింగరావు పాదాలు వెనక్కి లాక్కున్నాడు. కుర్చీ కింద ఇంక ఇటుకలు లేవు. ఒక చెయ్యి గూడు కింద పట్టి, వీపు తిన్నగా ఉంచి, లేచాడు. మళ్లీ అల్లుకున్న సాలెదారాలు పుటుక్కున తెగాయి.

వీధి చివర ఆటోవాడు ఆపి ఎక్కమన్నాడు. "కుదుపుకి పిల్లలు పడిపోతాయిరా, నువ్వెల్లు" అన్నాడు నరసింగరావు. బొబ్బిలి రోడ్డు పట్టుకుని, కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఆగి, గసపోసుకుని, మళ్లీ నడిచాడు. అతని పక్క నుంచి లారీలు పోతున్నాయి. వాటిల్లో కొన్నిటిని లోడు చేయించింది తనే, ఎప్పుడూ కంటితో చూడలేదు. మగపిచ్చుక ముందు ఒక తీగ మీద వాలి, అతను దగ్గరికి రాగానే ఇంకో తీగకి వెళ్తోంది.

ఊరు దాటాక మొదటిది గంగులు నువ్వుచేను. గంగులు ఏటా తన ధాన్యం నరసింగరావుకి ఫోన్లోనే అమ్మే రైతు. గట్టు మీద అతన్ని చూసి నోరు తెరిచేశాడు.

"బావా! బతికే ఉన్నావేటి?"

"నిన్ననే ఫోన్లో మాటాడినాను కదరా."

"ఫోన్లో మాటాడితే బతికున్నట్టేటి?" అని, గూడు వంక చూసి, "మందు కొట్టనేదు బావా. సేనంతా పురుగే. ఎంత కావాలంటే అంత తిననీ" అన్నాడు.

నరసింగరావు గట్టు మీద నిలబడ్డాడు. మగపిచ్చుక చేలోకి దూకి వెంటనే నోటినిండా పురుగులతో వచ్చింది, మళ్లీ వెళ్లింది. చెవిలో అరుపు ముద్ద ముద్దకీ బలపడింది. అతను కళ్లు తుడుచుకున్నాడు. గంగులు చూడనట్టు అటు తిరిగి బీడీ ముట్టించాడు.

ఆ తర్వాత రోజూ వెళ్లాడు. పొద్దున్నే అరుణశ్రీ వచ్చి మోకాళ్లు చూసి, నడక సరిచేసి పంపేది. గూడు ఒరగకూడదని భుజాలు సమంగా పెట్టి, అడుగు మెత్తగా వేసి నడిచేవాడు. ఆ నడక చూసి రోడ్డు మీద వాళ్లు పెళ్లికొడుకు వస్తున్నాడని ఆటపట్టించేవారు.

నువ్వుకాయ ముదిరి పసుపు తిరిగే వేళకి ఒకరోజు పిల్లలు గూడు అంచున నిలబడ్డాయి. ఒకటి ఎగిరింది. దాని వెనకే మిగతావి. చివరిది అతని చెవి దగ్గర కాసేపు తటపటాయించి, భుజం మీద చిన్నగా తన్ని లేచిపోయింది. చేను మీద అన్నీ ఒకే రంగు, ఏది తనదో పోల్చుకోలేకపోయాడు. మగపిచ్చుక కూడా కనిపించలేదు.

ఆ రోజు తిరుగుదారి చాలా పొడుగనిపించింది. కాళ్లు నొప్పి లేవు, అయినా పొడుగే. గూడు ఖాళీ అయి భుజం తేలికైంది, ఆ తేలిక అతనికి భరించలేనట్టుంది. ఇంటికెళ్లి కుర్చీలో కూర్చుంటాను, ఇంక లేవను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

వరండా మెట్టెక్కి ఆగిపోయాడు.

పేము కుర్చీలో ఇన్నేళ్లు తను కూర్చున్న చోట పడ్డ గుంతలో గడ్డిపోచలు, కొబ్బరిపీచు. కుర్చీ చేతి మీద తన మగపిచ్చుక, మెడ కింద పక్కకి ఒరిగిన అదే నల్లమచ్చ. పక్కనే ఒక కొత్త ఆడపిచ్చుక, నోట్లో పోచ పట్టుకుని, పరాయి మనిషిని చూసినట్టు అతన్ని చూస్తోంది.

"సంసారం ఎట్టీసావేట్రా?" అన్నాడు నరసింగరావు. కోపం రాలేదు. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. కూర్చుని ఏడుద్దామంటే కుర్చీ ఖాళీ లేదు. నిలబడే ఏడ్చాడు.

కాసేపటికి మొహం కడుక్కుని, ఖాళీ గూడున్న తువ్వాలు మెల్లగా తీసి వరండా గట్టు మీద పెట్టి, జేబులో గింజలు కుర్చీ కింద పోసి, తలుపు గొళ్లెం పెట్టి బయల్దేరాడు. బస్టాండు చేరాక ఫోను తీశాడు.

"అప్పా, నా కుర్చీ పోయింది."

"పోతే పోయింది. మరి ఎక్కడ కూకుంటావురా?"

"బొబ్బిలి బస్సెక్కుతున్నాను. మెట్టు మరీ ఎత్తేటి కాదులే."

అవతల గిన్నెలు దించిన చప్పుడైంది. 

"కూరేటి వండమంటావురా?" అంది మహాలక్ష్మమ్మ.