బోను వెనక ఇల్లు

పుట్టింట్లో నన్ను 'మైకు' అని పిలిచేవారు. పెరట్లోంచి కేకేస్తే వీధి చివరున్న అన్నయ్య పలికేవాడు. అలాంటి దాన్ని తెచ్చి లైబ్రరీలో కాపురం పెట్టించారు!

ఈ భవనం మొదట కోర్టు. తర్వాత మునిసిపల్ ఆఫీసు. ఇప్పుడు లైబ్రరీ. మారినవి బయటి బోర్డులే. మా ఆయన తాతగారు ఇక్కడే కోర్టు బంట్రోతు, మామగారు మునిసిపల్ ప్యూను, మా ఆయన లైబ్రరీ అటెండరు. ముద్దాయిల బోనుకే ఓ చెక్క బిగించి కౌంటరు చేశారు. ఆయన అందులో నిలబడి పుస్తకాలిస్తారు. పిలుపు వచ్చేదాకా ముద్దాయిల్ని కూర్చోబెట్టిన రెండు గదులే మా ఇల్లు. వాళ్ళు పారిపోకూడదని దానికి ఒక్కటే తలుపు పెట్టారు. అది నేరుగా చదువుకునే హాల్లోకి తెరుచుకుంటుంది.

పాలకెళ్ళాలన్నా, చెత్త పారెయ్యాలన్నా హాలు దాటాలి. కుక్కర్ విజిల్ వేస్తే పేపర్లు పక్కకి దించి అందరూ మా తలుపుకేసి చూస్తారు. అందుకే కుక్కర్ అటకెక్కింది. మా పోట్లాటలు కూడా గుసగుసల్లోనే. ఒళ్ళు మండిపోయి తిట్టినా, చూసేవాళ్ళకి మొగుడి చెవిలో ముద్దుగా ఏదో చెబుతున్నట్టే ఉంటుంది.

అలాగే నవ్వుకుంటూ నెట్టుకొచ్చేదాన్నేమో. కానీ మా అమ్మాయి టీచరు పిలిపించింది.

"పాఠం చదవమంటే పెదాలు కదులుతాయి కానీ మాట వినపడదండీ. డాక్టరుకి చూపించండి."

చూపించాను. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు. అప్పుడర్థమైంది నాకు. పిల్లకి పట్టింది రోగం కాదు, మా ఇల్లు.

వెనక గోడకి తలుపు పెడితే అటు ఖాళీ స్థలం ఉంది. పిల్ల అక్కడ ఆడుకుంటుంది, అరుచుకుంటుంది. నేనే అర్జీ పెట్టాను. పాత కట్టడం కదా, మేకు కొట్టాలన్నా కమిటీ ఒప్పుకోవాలట. వాళ్ళు చూడటానికొస్తున్నారని తెలిసి మా ఆయన ముఖం మాడిపోయింది.

"తలుపడిగితే ఇల్లే ఖాళీ చెయ్యమంటారే! మూడు తరాల చోటు ఇది."

"తరాల సంగతి తర్వాత చూద్దురుగానీ. ముందు పిల్ల నోరు పడిపోతోందండీ."

అదీ గుసగుసగానే అనుకున్నాం.

కమిటీ పెద్దాయన వచ్చాడు. మా ఆయన బోను పక్కన నిలబడి భవనం చరిత్రంతా ఏకరువు పెట్టారు. ఆయన గొంతు పెగిలేది అలాంటప్పుడే. పెద్దాయన మా గదులు చూశాడు, వెనక గోడ తట్టాడు, హాల్లోకి తిరిగొచ్చి మా అమ్మాయి ముందు వంగాడు.

"ఏమ్మా, ఇక్కడ బాగుందా? నీకు తలుపు కావాలా?"

అది నా వైపు చూసింది. చెప్పమని తల ఊపాను.

"కావాలి తాతగారూ. నాకు బయటికెళ్ళాలనుంది."

పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. పక్కనే ఉన్న మా ఆయనకీ అర్థమైంది. పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన వైపు తిరిగాడు.

"ఏమంటోంది?"

మా ఆయన నాకేసి చూడలేదు. "ఇక్కడే బాగుందంటోంది సార్."

"ఎంత వినయం! లైబ్రరీలో పెరిగిన పిల్లనిపించుకుంది," అని పెద్దాయన మురిసిపోయాడు. "అయితే ఇంక గోడ జోలికి పోవద్దు."

నా జన్మలో అంత కోపం ఎరగను. "అబద్ధం!" అని అరిచాను. పుట్టింటి గొంతంతా పెట్టి, నరాలు తెగిపోయేలా అరిచాననే అనుకున్నాను.

పెద్దాయన గుమ్మం వైపు నడిచిపోతూనే ఉన్నాడు. పేపర్లు చదువుతున్నవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. విన్నది మా అమ్మాయి ఒక్కతే. చటుక్కున నా వైపు తిరిగి, అలవాటుగా పెదాల మీద వేలు పెట్టింది.