దఫేదారు లేని కథ

మీసాలకు ఆముదం రాసి, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఓబళప్ప అరుగు మీద రాసుకుంటున్నాడు. యుద్ధం మొదలయ్యాక కాగితం దొరకడం లేదు. పాత నోటీసుల వెనకవైపు రాసేవాడు. ఎడమ మోకాలు వాచిపోయి, దానిమీద రాసుకునే చెక్కపలక నిలిచేది కాదు. కోపం వచ్చినప్పుడల్లా పాళీ వంగిపోయేది. ఆ కోపం పింఛను పుచ్చుకున్న నాటినుంచీ తగ్గలేదు.

రాస్తున్నది కథ. పదేళ్ళ కిందట అతను పోలీసు దఫేదారుగా ఉన్న ఊళ్ళో ఊరేగింపు మసీదు ముందు ఆగింది. మేళం ఆపండని వాళ్ళు, ఆపేది లేదని వీళ్ళు. రాళ్ళు లేచాయి. నాగలమడిక నుంచి పని వెతుక్కుంటూ పోయిన దూదేకుల దస్తగిరప్ప, భుజాన దూదేకే విల్లుతోనే పోలీసు స్టేషనుకు పరుగెత్తాడు. తలుపు మూసి ఉంది. ఆ గుమ్మంలోనే కొట్టి చంపారు. 'తొక్కిసలాటలో మృతి' అని రిపోర్టు పోయింది. రాసింది ఓబళప్పే, గుండ్రటి అక్షరాలతో.

పొద్దెక్కాక కథ తీసుకుని బడికి వెళ్ళాడు. చిక్కన్న మేష్ట్రు నిలబడే చదివాడు.

"బాగుండాది దఫేదారప్పా. కడాన మాత్రం రెండు పక్కలోళ్ళూ కౌగిలించుకున్నట్టు రాయి. పత్రికోళ్ళు అచ్చేస్తారు."

"సచ్చినోడు లేసి కౌగిలించుకుంటాడా మేష్ట్రూ?"

కాగితాలు లాక్కుని వచ్చేశాడు. మేళగాళ్ళను, రాళ్ళు రువ్వినవాళ్ళను, ఆ రోజు హుకుం ఇచ్చిన ఇన్‌స్పెక్టరును, చివరికి మేష్ట్రునూ తిట్టుకుంటూ పినాకిని ఇసుకలో కుంటుతూ నడిచాడు. ఏటి అవతల నాగలమడికలో దస్తగిరప్ప భార్య పీరమ్మ ఎండలో పరుపు కుడుతోంది. ఆమె రెప్పల మీద దూది నూగు.

"నీ పెనిమిటి కత రాసినానమ్మా, ఇను."

చదివాడు. ఆమె సూది ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"తలుపు మూసుకునె అని రాసినావే. దానంతటదే మూసుకున్యాదా?"

"పెద్దోళ్ళ హుకుం అట్లుండె."

"హుకుం గడియ పెట్టదు గదప్పా. చెయ్యి పెట్టల్ల."

ఓబళప్ప కాగితాలు మడుచుకున్నాడు. ఆమె దారం పంటితో తెంపింది.

"ఇన్నేండ్లూ అందరి మీదా కోపం చేసుకుంటివి. ఇంగ పో నాయనా."

ఇంటికి చేరేసరికి మనిషి చెమటతో తడిసి ఉన్నాడు. భార్య తిప్పమ్మ సంగటి ముద్ద పెడితే ముట్టలేదు.

"ఆ కత నీ పేరుతో రాస్తే పింఛిని నిలిపేస్తారంట గదా?" అందామె భయంగా.

"నిలిపేయనీ! వాడు తలుపు కొడతా ఉంటే లోపల గడియ పట్టుకుని నిలబడినోడికి ఏం పింఛినే?"

ఆమె ఆ మాట వినడం అదే మొదలు. కడవ తీసుకుని నీళ్ళకు వెళ్ళిపోయింది. కడవతో తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ఓబళప్ప గోడకు చేరగిలబడి ఉన్నాడు. పిలిచింది. భుజం తట్టింది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

తిప్పమ్మకు చదువు రాదు. అతని ఒళ్ళోని కాగితం తీసి దీపం దగ్గర పట్టుకుంది. 'తలుపు మూసుకుంది' అన్న మాట కొట్టేసి, దాని కింద కొత్తగా ఒక్క వరుస రాసి ఉంది. అందులో ఓబళప్ప తన పేరు రాసుకున్న చోట, పాళీ గట్టిగా దిగి, కాగితం చిరిగిపోయి ఉంది.