పరగడుపున రాని నొప్పి

గడియారాలు బాగుచేసే ఆయనకు భార్య జబ్బు అంతుపట్టలేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసేది. కాసేపటికి కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. నాలుగు నెలల్లో ఎంత చిక్కిపోయిందంటే, ఉంగరం జారిపోతుంటే దారం చుట్టి ఇచ్చాడు.

ఆసుపత్రికి తీసుకెళ్తే మాత్రం నొప్పి ఉండేది కాదు. కడుపు స్కాను తీశారు, గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ఏమీ లేదన్నారు.

"ఈమధ్య వంట మీదేగా మరిదిగారూ," అంది భార్య అక్క. "నొప్పి రాక ఏమొస్తుంది?"

ఆయన నవ్వలేకపోయాడు. ఒకరోజు విసుగుపుట్టి భార్యతో అనేశాడు. "ఇంట్లో ఉండే నొప్పి డాక్టరు ముందు ఉండదేం? నామీద అలకైతే చెప్పు."

ఆనాటి నుంచి ఆమె నొప్పి మాట ఎత్తడం మానేసింది. తినడమూ దాదాపు మానేసింది.

మూడో పరీక్షకు వరుసలో కూర్చున్నప్పుడు చేతిలోని చీటీ మళ్లీ చూశాడు. పరగడుపున రావాలి. ప్రతిసారీ ఆమెను ఖాళీ కడుపుతో తెచ్చింది తనే. దుకాణంలో నడిచి ఇంటికెళ్తే ఆగిపోయే గడియారం ఎవరైనా తెస్తే, "చేతికి పెట్టుకుని ఇక్కడే కాసేపు కూర్చోండి," అంటాడు తను.

లేచి వెళ్లి బన్ను కొనుక్కొచ్చాడు.

"తిను."

"పరీక్ష పాడవుతుందండీ."

"పాడవనీ."

ఆమె ఆయన వైపు చూడకుండా తింది. ఆయన గడియారం చూస్తూ కూర్చున్నాడు. నొప్పి వస్తే జబ్బు నిజం. రాకపోతే అలక నిజం. ఏది కోరుకోవాలో తెలియలేదు. పావుగంట దాటింది. ఇరవై రెండో నిమిషంలో ఆమె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

తినిపించినందుకు నర్సు చీవాట్లు పెట్టింది. డాక్టరు బొడ్డుపైన స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు.

"తిన్నాక పేగులకు రక్తం ఎక్కువ కావాలి. అది వెళ్లే దారి ఇరుకైనట్టుంది. మామూలు స్కానులో తెలియకపోవచ్చు. రక్తనాళాలు కనపడే స్కాను ఇవాళే తీద్దాం."

సాయంత్రం బొమ్మలో ఆ నాళం ఒకచోట దారమంత సన్నగా కనిపించింది. దాన్ని వెడల్పు చేయవచ్చన్నారు. బెంగపడాలో ఊరట పొందాలో తెలియక ఆయన మంచం పక్కన నిలబడ్డాడు.

"ఎంతసేపటికి వచ్చింది?" అడిగిందామె.

"ఇరవై రెండు నిమిషాలు."

"ఇంట్లోనూ దాదాపు అంతే. గడియారం మీ చేతికే ఉండేది."