ఇప్పపువ్వు తిన్న డోలు

దూలయ్య వాళ్ల తాత డోలు కొడితే, గోదావరి అవతలి ఒడ్డున నీళ్లు తాగుతున్న పులి దాహం మరచి అడుగు కలిపేదట. ఈ ముచ్చట దూలయ్య చెప్పిందే. పినపాక సంతలో చెబితే ఒక పులి, కల్లు దగ్గర చెబితే రెండు.

ఆ డోలు దూలయ్య తండ్రి పోయిన ఏడే మూగబోయింది. ఒకవైపు తోలు చిరిగితే, దూలయ్య భార్య జంపక్క దాన్ని నిలబెట్టి ఎండిన ఇప్పపువ్వు పోసుకుంది. పైన చాట మూత పెట్టింది. గాదె బాగా కుదిరింది.

ఆ ఎండాకాలం చివర, ఊళ్లోకి కొత్తగా సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, భూమి పండుగకు మణుగూరు నుంచి మైకు సెట్టు తెప్పిద్దామన్నారు పెద్దలు. విత్తనం చల్లే ముందు తాతముత్తాతల పేర్లు పిలిచి, పేరుకొక దెబ్బ కొట్టడం ఆ ఊరి ఆచారం. మైకు పేర్లు పిలుస్తుంది సరే, దెబ్బ ఎవరు కొడతారని అడిగాడు దూలయ్య.

"నీ డోలు మోగితే మైకు వద్దు. మోగకపోతే ఇగ ఆ ముచ్చట ఎత్తకు," అన్నాడు ఊరి పెద్ద.

తండ్రి పేరు దెబ్బ లేకుండా గాలిలో కలిసిపోతుందేమోనని దూలయ్య ఆ రాత్రే డోలులోని ఇప్పపువ్వంతా గంపలోకి కుమ్మరించాడు.

కొడుకు సతీష్ ఆటో నడుపుతాడు. తండ్రి బాధ చూసి సంతలో తోలు తెచ్చి తానే బిగించాడు. మెరుపు కోసం, ఆటోకు వేయగా మిగిలిన పసుపు రంగు కట్టెకూ తోలుకూ దట్టంగా పట్టించాడు. దూలయ్య చెయ్యి వేస్తే, తడి గోనెసంచిని కొట్టినట్టు దబ్బుమంది.

"పులి సంగతేమో గని, మన పిల్లి గూడ తోక ఊపలే," అంది జంపక్క.

సతీష్ మొహం మాడిపోయింది. దూలయ్య వాడి వీపు నిమిరాడు. "రంగు మంచిగనే ఉంది బిడ్డా. ఎండాకాలంల దానికి కోటు తొడిగినవ్, గంతే."

మర్నాడు అదే ఆటోలో డోలును మణుగూరు తీసుకుపోయారు. అక్కడ జానీ మియా డోలకులు, డప్పులు బాగుచేస్తాడు. రంగు తోలు ఊడదీసి, రెండోవైపు తిప్పి, పాత తోలుతాడు దగ్గర చెయ్యి ఆపేశాడు. ఆ ముడిని చాలాసేపు తడిమాడు.

"దూలన్నా, ఇది మా తాత ముడి. మా ఇంట్ల తప్ప ఇంకెవరు గిట్ల ఎడమ దిక్కు మెలిపెట్టరు."

తాత పేరేందని అడిగాడు దూలయ్య. లాలు మియా అని చెప్పాడు జానీ.

దూలయ్య కూడా వంగి ఆ ముడిని తడిమి చూశాడు. గోదారి పొంగిన ఏడు ఒక మియా తమ ఇంట్లోనే వానలన్నీ గడిపి, అంబలి తాగి డోలు కట్టాడని తన తాత చెబుతుండేవాడు. తాత చెప్పిన పులులన్నీ నమ్మాడు గానీ, అదొక్కటి అబద్ధమనుకున్నాడు దూలయ్య.

జానీ మియా ఆ ముడి విప్పలేదు. చిరిగిన వైపు కొత్త తోలు బిగించి, ఆ ముడి పక్కనే తనదీ వేశాడు.

పండుగనాడు తోలు బిగియాలని డోలును మంట దగ్గర కాచారు. కట్టెలోంచి ఇప్పపువ్వు వాసన గుప్పుమంది. "గిన్నేండ్లు నాది తిని బలిసింది మరి," అంది జంపక్క మురిసిపోతూ. పేర్లు మొదలయ్యాయి. తండ్రి పేరుకు దూలయ్య కొట్టిన దెబ్బ గుట్టకు తగిలి తిరిగివచ్చింది. మైకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చివరి పేరు అయ్యాక కూడా దూలయ్య చెయ్యి దించలేదు.

"లాలు మియా తాత," అన్నాడు.

ఊరి పెద్ద నొసలు ముడిచి, ఆయన ఇంటిపేరేందని అడిగాడు.

"వానలన్ని మన ఇంట్ల ఉన్నడు. మన ఇంటిపేరే," అంది జంపక్క.

పెద్ద తల ఊపాడు. దెబ్బ పడింది. జనం వెనక నిలబడ్డ జానీ మియా తలకు రుమాలు కట్టుకుని, రెండు చేతులూ గుండెమీద పెట్టుకున్నాడు.

ఆ రోజు అవతలి ఒడ్డున రెండు పులులు ఆడాయని దూలయ్య ఇప్పటికీ చెబుతాడు. ఎవరైనా నవ్వితే, జానీ మియా పని ఆపకుండానే లెక్క సరిచేస్తాడు.

"రెండు గాదు, మూడు. నేను జూసిన."