దుమ్ము తిన్న ఇంజను

సారంగపాణికి ఆ మే నెలంతా కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎటైనా పోబుద్ధి. ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో జీపు బానెట్ ఎత్తిపెట్టి, పానా పట్టుకొని, ఏం చేయాలో మరిచిపోయినవాడిలా నిలబడేవాడు. జీపు ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడని జిల్లా అంతా పేరున్న మెకానిక్ ఇలా తిరుగుతుంటే చూసేవాళ్లకు నవ్వొచ్చేది. అతని రోగమేమిటో అతనికి బాగానే తెలుసు. పైకి చెప్పే ధైర్యమే లేదు.

ఆ జీపు కలప కాంట్రాక్టరు వెంకటరాజానిది. ఇల్లు సుబేదారిలో, పని అడవుల్లో, ప్రాణం జీపులో. ఏటా ఎండాకాలం ధర్మసాగర్ చెరువు నీళ్లు వెనక్కి తగ్గి నెర్రెలు విచ్చిన నేల బయటపడగానే, జీపులున్న ఆసాములు పదిమంది చేరి అక్కడ పందెం పెట్టుకునేవాళ్లు. పన్నెండు చుట్లు తిరగాలి, చుట్టుకొకసారి రాళ్ల గుట్ట ఎక్కి దిగాలి. గెలిచినవాడికి ఇచ్చేది ఒక ఇత్తడి చెంబు. ఇంట్లో అలాంటివి పాతిక ఉన్నవాళ్లు కూడా దానికోసం నెల రోజులు నిద్ర పాడుచేసుకునేవాళ్లు.

పోయినేడు, అంటే ఎనభై రెండులో, చెంబు వెంకటరాజానికే వచ్చింది. జీపు నడిపింది అతని డ్రైవరు యాకయ్య. ఇంజను సిద్ధం చేసింది సారంగపాణి. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము ఆపడానికి ఎయిర్ క్లీనర్ అని ఒక డబ్బా ఉంటుంది. పందెం పొద్దున దాన్ని మొత్తానికే పీకి పక్కన పెట్టాడు. గాలికి అడ్డం లేదు, ఆ గాలికి తగ్గట్టు కార్బురేటర్‌లో పెట్రోలు కాస్త పెంచాడు. జీపు గుట్ట ఎక్కిన తీరుకు జనం ఈలలు వేశారు. సారంగపాణి రెండు రోజులు నేల మీద నడవలేదు.

వారం తిరక్కుండానే ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. విప్పి చూస్తే సిలిండర్ల గోడల నిండా గీతలు, రింగులు అరిగి పల్చనైపోయాయి. వేలు పెట్టి తుడిస్తే సన్నటి చెరువు మన్ను అంటింది. పన్నెండు చుట్ల దుమ్మునూ ఇంజను నోరు తెరుచుకొని తిన్నది. డబ్బా తీసిన సంగతి వెంకటరాజానికి తెలుసు గానీ, ఇంజను చచ్చింది అందువల్లేనని తెలియదు. "ఎట్ల పోయింది పాణీ?" అని అడిగాడు. సారంగపాణి చేతిలో ఉన్న పేరు పోతుందన్న భయంలో నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"యాకయ్య ఆయిల్ చూసుకోలె సేటూ. ఆయిల్ తక్కువుండంగనే నడిపిండు."

ఆ పూటే యాకయ్య పని పోయింది. ఆయిల్ చూసుకోని డ్రైవరని ఊరంతా పాకాక ఇంకెవరూ స్టీరింగు ఇవ్వలేదు. ఇప్పుడు ధాన్యం మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడు.

ఇదీ సారంగపాణి రోగం. ఏడాదిగా అణచిపెట్టుకున్నది ఈ మే నెలలో మళ్లీ లేచి కూర్చుంది. ఎందుకంటే వెంకటరాజం, ఇంజను మళ్లీ కట్టిన ఆ జీపును తెచ్చి షెడ్డులో నిలిపి, "పోయినేటి లెక్కనే చెయ్. డబ్బా పీకెయ్. ఈసారి నేనే నడుపుత" అన్నాడు. పీకితే ఇంజను మళ్లీ చస్తుంది, ఈసారి నెపం వేయడానికి డ్రైవరు కూడా లేడు. పీకకూడదంటే ఎందుకో చెప్పాలి. చెబితే యాకయ్య సంగతి బయటికొస్తుంది. అందుకని దుమ్మును ఆపుతూనే గాలిని ఆపని ఫిల్టరు ఏదైనా దొరికితే, నోరు విప్పకుండానే గండం గట్టెక్కుతుందని ఆశపడ్డాడు. మనిషి భయపడితే ఎంత తెలివి పుట్టుకొస్తుందో చూడండి.

జీపుతో వచ్చిన డబ్బాలో అడుగున నూనె ఉంటుంది, దుమ్ము వచ్చి అందులో పడుతుంది. రోడ్డు మీద దానంత మంచిది లేదు. గుట్ట మీద జీపు నిటారుగా లేస్తే మాత్రం ఆ నూనె ఒక పక్కకు ఒరిగి ఇంజనులోకే పోతుంది. హైదరాబాదు నుంచి కాగితం ఫిల్టరు తెప్పించాడు. పొద్దున్నే ధర్మసాగర్ తీసుకుపోయి తిప్పితే నాలుగో చుట్టుకే మన్ను పట్టి, ఉబ్బసం రోగిలా ఇంజను ఎగపోసింది. తట్టి దులిపి పెట్టినా మళ్లీ అంతే. అప్పుడు తట్టింది అతనికి బట్ట.

తట్టదా మరి. పుట్టింది సాలెల ఇంట్లో. తండ్రి రాజమల్లు కాళ్లు మగ్గం గుంటలోనే అరిగిపోయాయి. తనకు మగ్గం గిట్టక స్పానర్ పట్టాడు గానీ, భార్య అనసూర్య ఇప్పటికీ ఇంట్లో మగ్గం ఆడిస్తుంది. ఆమె నేసిన బట్టను మించిన జల్లెడ ఎక్కడ దొరుకుతుంది? మగ్గం మీది నుంచి కోసిందే రెండు మూరలు అడగకుండా తెచ్చుకున్నాడు. కమ్మి చట్రానికి రెండు వరసలు బిగించి, దుమ్ము అంటుకోవాలని ఇంజనాయిల్ పూశాడు. స్టార్టు చేస్తే నల్లటి పొగ. గాలి చాలడం లేదు. కార్బురేటర్‌లో పెట్రోలు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. పొగ పోయింది, దాంతో పాటు ఊపూ పోయింది. మూడు రోజులు ఆ స్క్రూ ఇటు తిప్పి అటు తిప్పి, అన్నం వేళకు ఇంటికి పోవడం కూడా మానేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం సద్ది పట్టుకొని అనసూర్యే షెడ్డుకు వచ్చింది. చట్రానికి ఉన్న తన బట్ట చూసి నిలబడిపోయింది.

"ఏందయ్యా ఇది? పచ్చి బట్టకు నూనె రాసినవా?"

"నీకెందుకు, ఇది ఇంజన్ పని."

"ఇంజన్ పని నాకు తెల్వది. బట్ట పని తెలుసు." వేలితో గీరి చూపించింది. నూనె పైపైన జారుతూ ఉంది, లోపలికి దిగలేదు. "నూలుకు గంజి పెట్టే నేస్తం గదా. గంజి వదలకముందు ఇది నీళ్లే పీల్చది, నూనె పీలుస్తదా? సందులన్నీ గంజితోనే మూసుకపోయి ఉంటయి. సాలెల ఇంట్ల పుట్టి గిది మర్చిపోయినవా?"

మరిచిపోయాడు. పదేళ్ల వయసులో తండ్రి పక్కన నిలబడి పడుగుకు గంజి పట్టించిన చేతులే అవి. సిగ్గుతో తల దించుకున్నాడు. అనసూర్య బట్ట ఇంటికి తీసుకుపోయి సోడా వేసి ఉడకబెట్టి, నాలుగు నీళ్లకు జాడించి, ఆరేసి తెచ్చింది. ఇచ్చేటప్పుడు మామూలుగానే, "మార్కెట్ల సమ్మమ్మ కనపడ్డది. యాకయ్య పెండ్లాం. చిక్కి సగమైంది పిల్ల" అంది. సారంగపాణి బట్ట లాక్కున్నట్టు తీసుకొని జీపు కిందికి దూరాడు. కింద చేసే పనేమీ లేదు.

ఉడికిన బట్ట నూనెను గటగటా తాగింది. ఇంజను మెత్తగా ఊపిరి తీసింది. కార్బురేటర్ మళ్లీ మొదటి నుంచి సవరించాడు. ధర్మసాగర్‌లో పన్నెండు చుట్లు తిప్పి చట్రం విప్పితే పైవరస ఎర్రగా, లోపలి వరస తెల్లగా ఉంది. గాలి పోయే గొట్టంలో వేలు పెట్టి తుడిచాడు. వేలికి మన్ను అంటలేదు. చట్రం మళ్లీ బిగించాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని అనుకున్నాడు.

పందెం ముందురోజు వెంకటరాజం వచ్చి నడిపి చూశాడు. గుట్ట ఎక్కాడు, దిగాడు. దిగి బానెట్ ఎత్తాడు.

"పోయినేడున్న ఊపు లేదు పాణీ. జర్ర తక్కువున్నది. ఏంది ఈ లంగోటీ? తీసెయ్."

"జర్రంతనే సేటూ. చివర్ల జర్రంత. ఉండనియ్యి."

"పోయినేడు ఏం పెట్టకుంటనే గెలిచినం గదా? అప్పుడు లేని ఫికర్ ఇప్పుడేంది?"

తప్పించుకోవడానికి దారి లేదు. నెల రోజుల తెలివంతా ఆ ఒక్క ప్రశ్న ముందు ఉత్తదైపోయింది. ఎండ మాడు మీద కొడుతూ ఉంది. సారంగపాణి చెప్పాడు.

"పోయినేడు డబ్బా తీసినందుకే ఇంజన్ పోయింది సేటూ. మన్ను తిని పోయింది. యాకయ్య తప్పేం లేదు. నేనే నీకు అబద్ధం చెప్పిన."

ఇప్పుడు తిడతాడు, కొడతాడు, జీపు వేరే షెడ్డుకు తోలుకుపోతాడు, ఊరంతా చెబుతాడు. ఏడాదిగా ఈ నిమిషాన్నే కలలో చూసి ఉలిక్కిపడుతున్నాడు అతను. వెంకటరాజం బీడీ ముట్టించుకున్నాడు.

"గంతేనా?" అన్నాడు. "ఇంజన్ పోతే మల్ల కట్టుకుంటం. నాకు రేపు గెలవాలె. తీసెయ్."

"మరి యాకయ్యను..."

"యాకయ్యకేంది? మార్కెట్ల ఏదో పని చేసుకుంటాండు గదా. ఇప్పుడు నేనే నడుపుకుంటాన, డ్రైవరెందుకు నాకు?"

సారంగపాణి కదలలేదు. వెంకటరాజమే పానా తీసుకొని చట్రం విప్పి, చెరువు నేల మీద పారేసి జీపెక్కాడు. దుమ్ము లేపుకుంటూ పోయాడు. సారంగపాణికి కోపం కూడా రాలేదు. ఇంత చిన్న సంగతి కోసమా తను ఒక మనిషి బతుకు బలి ఇచ్చింది అనిపించింది. రోడ్డెక్కి, దొరికిన బస్సు పట్టుకొని మార్కెట్‌లో దిగాడు.

యాకయ్య బస్తాల వరస చివర కూర్చొని చెమట తుడుచుకుంటున్నాడు. సారంగపాణిని చూసి, "రా అన్నా, ఏం ఇట్లొచ్చినవ్?" అన్నాడు. ఆ అన్నా అన్న మాట విన్నాక సారంగపాణి పక్కన కూర్చోలేకపోయాడు. నిలబడే మొత్తం చెప్పేశాడు. డబ్బా సంగతి, మన్ను సంగతి, అబద్ధం సంగతి. సేటు ఏమన్నాడో కూడా దాచలేదు.

యాకయ్య కొట్టలేదు, తిట్టలేదు. బస్తా మీది కుట్లను గోటితో గీకాడు.

"ఆ పొద్దున ఆయిల్ చూసినట్టే యాదికుండె అన్నా," అన్నాడు చివరికి. "మెకానిక్కువు నువ్వు చూడలేదన్నవ్. సేటు చూడలేదన్నడు. అందరనంగ అనంగ చూడలేదేమోననే అనుకున్న. ఇంట్ల గూడ అట్లనే చెప్పిన, నేనే మర్చిపోయిన్నని. నిజంగనే చూసిన్నా నేను?"

"చూసినవ్. ఆయిల్ గేజీ పుల్ల రెండుసార్లు తీసి చూసినవ్. తుడుసుకోనీకి గుడ్డ అందిచ్చింది నేనే."

యాకయ్య లేచాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"నడువు," అన్నాడు. "గీ మాట మా సమ్మమ్మ ముంగట చెప్పు. నాకు చెప్తే నాకే నమ్మబుద్ధి అయితలేదు."