వట్టి నీళ్లివ్వరు ఇక్కడ

బెంగాల్లో తెలుగువాళ్లుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మాత పూజ జరిగే మైదానం మొత్తానికి నీడ అన్నది ఒక్క వేపచెట్టు కిందే ఉంది. ఆ నీడ కోసం నీలవేణి నలుగురిలో నోరు విప్పి వరసకు బావగారైన మోహనకృష్ణతో తగువు పడింది. ఆయన పూజ కమిటీ సెక్రటరీ కూడా. పడినంతసేపూ బాగానే ఉంది. ఇంటికొచ్చాక మాత్రం పిల్లని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

"ఆ సెట్టు కింద మైకు బాక్సులు ఎట్టుకుంటే నీకేటే? కమిటీవోలికి ఎదురు సెప్పి ఈ కాలనీలో బతగ్గలమేటి?" అంది అత్త అప్పలనర్సమ్మ.

"ఊరు కాని ఊరి నుంచి జనాలొత్తారు కదత్తా. ఆలికి గుక్కెడు నీలు పోసి, ఇక్కడి పద్ధతులు సెప్పీవోలు ఒకరుండాలి కదేటి?"

ఆ మాట ఊరికే అనలేదు. టెక్కలి పక్క పల్లె నుంచి కాపురానికొచ్చిన తరవాత మొదటి వేసవిలో, ఈ ఊళ్లో మధ్యాహ్నం భోజనాలవగానే కొట్లు మూసి కునుకు తీస్తారని తెలీక, నెలల పిల్ల మౌనికని చంకనేసుకుని మలంచా రోడ్డు మీద పడింది. నీళ్లడుగుదామంటే తెరిచిన తలుపు లేదు, ఎవరైనా కనబడినా అడగడానికి భాష లేదు. పిల్ల వాడిన తోటకూర కాడలా భుజమ్మీద వేలాడిపోయింది. ఎలాగో ఇల్లు చేరి బతికించుకుంది గానీ, ఆ రోజు పట్టుకున్న భయం ఇప్పటికీ వదల్లేదు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది, తనకి పెద్ద పనులేవీ రావు. కొత్తవాళ్లకి ఎక్కడ గుండె జారుతుందో మాత్రం తెలుసు.

"సర్లేమ్మా, రేపు మద్దేన్నం దాకా సూత్తాను," అన్నాడు ఆమె వెనకే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డ మోహనకృష్ణ. "జనం ఆగినారా, పూజ అయ్యీదాకా సెట్టు నీదే. ఆగలేదా, బాక్సులు ఎట్టించేత్తాను. ఎండకి మెషీను మాడిపోతే నువ్వు కొనిత్తావేటి?"

తెల్లారేసరికి నీలవేణి చెట్టు కింద తడి ఇసక పోసి కుండలు పెట్టింది. స్టీలు గ్లాసులు తోమి బోర్లించింది. చెట్టు మొదట్లో చాప మీద అత్త పక్కన మౌనికని కూచోబెట్టి, మాటిమాటికీ దాని నుదురు తడిమి చూసుకుంటోంది.

ఎండ ఎక్కుతున్నకొద్దీ జనం వచ్చారు. నీలవేణికి కంగారు. ఎవరు ఏ తప్పు చేసి ఎవరిచేత మాట పడతారోనని, మనిషి కనబడితే చాలు, అన్నా అక్కా అంటూ వచ్చీరాని హిందీలో కేకలు మొదలుపెట్టింది.

"దాదా, చెప్పల్ ఉధర్! దీదీ, ఘటం కే సామ్నే మత్ జానా! ఫొటో మత్ లో! ధూప్ మే మత్ చలో!" చెప్పులు అటు విప్పమని, ఘటానికి ఎదురెళ్లొద్దని, ఫొటో తియ్యొద్దని, ఎండలో నడవొద్దని అంటూనే ఓ గ్లాసు వాళ్ల మొహం మీదికి చాపేది. "పానీ!"

దాదాలు బెదిరిపోయారు. దీదీలు కొంగు సర్దుకుని అవతలికి తప్పుకున్నారు. కుండల్లో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

పొద్దు నడినెత్తికి వస్తుండగా మోహనకృష్ణ బాక్సులు మోయించుకుంటూ రానే వచ్చాడు. "ఏటమ్మా, ఈగ కూడా వాల్నట్టు లేదు? ఇంక ఎత్తీ కుండలు."

నీలవేణికి ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ఓ బెంగాలీ ముసలావిడ, ఎండకి మొహం కందగడ్డలా అయిపోయి, వచ్చి చాప అంచున చతికిలబడింది. నీలవేణి గ్లాసు చాపింది. ఆవిడ అందుకోలేదు.

"ఓ మా! షుధు జోల్?" అంది. వట్టి నీళ్లేనా అని. ఆ తరవాత హిందీలో నవ్వుతూ దులిపేసింది. "నువ్వేమైనా టీటీవా అమ్మాయ్? అందరి మీదా అలా అరుస్తావు, టికెట్ లేకుండా దొరికినట్టు! మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కూచోమంటాం, నోట్లోకి కాస్త తీపి ఇస్తాం. నీళ్లు ఆ తరవాత. ఎండన పడొచ్చిన ఖాళీ కడుపులో వట్టి నీళ్లు పోస్తారా ఎవరైనా?"

నీలవేణి నాలుక్కరుచుకుంది. నిజమే. తెలియాల్సినవన్నీ చెప్పింది గానీ, ఒక్కరినైనా కూచోమన్నదా?

"అత్తా! బేగెల్లి ఇంట్లో బెల్లం దిమ్మ అట్టుకురా. నానేసిన సెనగలు కూడా!"

"నీ తిప్పలు నా పేనానికొచ్చినాయి," అని సణుగుతూనే అప్పలనర్సమ్మ పరుగున వెళ్లి తెచ్చింది.

"బసున్, మాసీమా," అంది నీలవేణి, కూచోండి పిన్నీ అని, ఈసారి మెల్లగా. చేతిలో బెల్లం ముక్క, గుప్పెడు సెనగలు పెట్టింది. మాసీమా నమిలి, నీళ్లు తాగి, మళ్లీ పోయించుకుంది. తరవాత మైదానం వైపు తిరిగి, అంత పెద్దావిడకి ఆ గొంతెక్కడిదో గానీ, తనవాళ్లనందరినీ కేకేసింది.

వాళ్లొచ్చారు. వాళ్లని చూసి ఇంకొందరొచ్చారు. కూచున్నవాళ్లు ఊరుకుంటారా? వాళ్లే అడగడం మొదలెట్టారు. ఘటాలు ఎటునుంచి వస్తాయి? మేమూ ఘటాలు ఎత్తుకున్న ఆ తల్లుల కాళ్ల మీద పసుపునీళ్లు పొయ్యొచ్చా?

"పొయ్యండి దీదీ, చెప్పులు విప్పి పక్కన నిలబడి పొయ్యండి. ఫొటో కావాలంటే ముందు ఘటం ఎత్తుకున్నావిణ్ణి అడగండి. తలూపితే తీసుకోండి. ఘటాల వెంట ఎండ తగ్గాక నడవండి, అప్పుడైతే రోడ్డు కాలదు."

అవే మాటలు. పొద్దున పారిపోయినవాళ్లే ఇప్పుడు తలలూపుతూ వింటున్నారు. నీడ చాలక చెట్టు చుట్టూ గొడుగులు లేచాయి. అప్పలనర్సమ్మ బెల్లం కొడుతూ, "నా కోడలేనండి," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతోంది.

మోహనకృష్ణ బాక్సులు ఎండలోనే దింపించి, వాటి మీద టార్పాలిన్ కప్పించాడు. మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు: "బయటి ఊల్ల నుంచి వొచ్చినోలు ఏటి కావాలన్నా ఏపసెట్టు కాడ మా నీలవేణిని అడగండి!"

ఆ పేరు మైదానమంతా మోగింది. నీలవేణి ఇంకో గ్లాసు నింపింది.

అంతలో సాలువా నుంచి పిల్లలతో వచ్చిన ఒకావిడ, పూజ అయ్యాక అటు ఆటోలు దొరుకుతాయా అని అడిగింది. అది నీలవేణికి తెలీదు. పొద్దుటి నీలవేణి అయితే అక్కడే బిక్కచచ్చిపోయేది.

"బావగారూ! కాసింత స్టాండు దాకా ఎల్లి, సాలువాకి ఆకరి ఆటో ఎప్పుడో కనుక్కుని బేగి రండి. ఈ దీదీ నిలబడిపోయినారు."

సెక్రటరీ ఒక్కసారి చెట్టు వైపు చూశాడు, ఒక్కసారి జనం వైపు చూశాడు. మైకు కింద పెట్టి, తువ్వాలు నెత్తినేసుకుని బయల్దేరాడు.

"మీరు కూచోండి దీదీ," అంది నీలవేణి. "ఆయన కనుక్కొస్తారు."